కొండవీడు, రాచకొండ, మధ్యలో జొన్నచేను

ఆస్ట్రేలియాలో పెర్త్ శివారు మా హారిస్‌డేల్‌లో ఉగాది పంచాంగం చూసుకుని రాదు. ఇక్కడి మునిసిపాలిటీ కౌన్సిల్ వాళ్ళ హాలు దొరికిన రోజున వస్తుంది. ఆ ఏడాది అసలు పండగ వెళ్ళిపోయాక మూడో ఆదివారం దొరికింది, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా. నాలుగు తర్వాత అదే హాల్లో ఇక్కడి పెద్దవాళ్ళ డాన్సు క్లబ్బు ఉంటుంది. ఈ నాలుగింటి గడువు సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

అప్పట్లో నేను ఆదివారం తెలుగు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పిల్లలు పదిహేను మంది, వర్షం పడితే తొమ్మిది. వారంలో అయిదు రోజులు ఒక రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు సర్దే ఉద్యోగం. అంతకు ముందు, అంటే మా ఆయన వీసాతో పాటు నేనూ పెర్త్‌లో దిగకముందు, మధ్యయుగాల ఆంధ్ర చరిత్ర మీద ఆరేళ్ళు పరిశోధన చేశాను. అరిగిపోయిన శాసనాలు చదివిన కళ్ళకు డాక్టర్ల చేతిరాత చదవడం పెద్ద కష్టం అనిపించలేదు.

నా పరిశోధన కొండవీడు, రాచకొండ రాజ్యాల మీద. ఓరుగల్లు కూలిపోయాక ఆ శిథిలాల్లోంచి లేచిన ఇరుగుపొరుగు రాజ్యాలవి. ఒకటి కోస్తా వైపు, ఒకటి తెలంగాణ వైపు. దాదాపు వందేళ్ళు ఒకరి మీద ఒకరు దండెత్తుకున్నారు. ఇద్దరి ఆస్థానాల్లోనూ కవులున్నారు, పండితులున్నారు, రాజు నిద్ర లేవగానే బిరుదులు చదివే వందిమాగధులూ ఉన్నారు. చివరికి ఇద్దరినీ పక్కనున్న పెద్ద రాజ్యాలు తీరిగ్గా మింగేశాయి. నా థీసిస్‌లో మా గైడు ఎర్రపెన్నుతో కొట్టేసిన వాక్యం ఒకటుంది. "రాజ్యం చిన్నదయ్యే కొద్దీ రాజుగారి బిరుదులు పెరుగుతాయి" అని రాశాను. ఆధారాలు చాలవన్నారాయన. ఆధారాలన్నీ హారిస్‌డేల్‌లో ఉన్నాయని అప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు?

మా తెలుగు సంఘానికి ఒక అధ్యక్షుడు, ఒక ఉపాధ్యక్షుడు, ఒక కాబోయే అధ్యక్షుడు, ఒక తాజా మాజీ అధ్యక్షుడు, ఒక వ్యవస్థాపక అధ్యక్షుడు, ఇద్దరు శాశ్వత సలహాదారులు ఉన్నారు. కుర్చీలు వేసేవాళ్ళే లేరు. కుర్చీలు నేనూ మా ఆయనా వేసేవాళ్ళం.

ఆ ఉగాదికి పిల్లల చేత "మన హిస్టరీ మీద" ఒక నాటిక వేయించమని అధ్యక్షుడు అడిగాడు. ఐటీలో పనిచేసే మనిషి, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను. చరిత్ర మీద ప్రేమతో కాదు. మా అమ్మాయి కోసం.

మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. ఇక్కడే పుట్టింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, నేను ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడేది మరీ బాగా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అయిదేళ్ళ వరకు గలగలా తెలుగే మాట్లాడేది. బడిలో చేరిన మొదటి టర్ములోనే ఎవరో కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో నేను అడిగిన ఏ ప్రశ్నకూ తెలుగులో ఒక్క జవాబు రాలేదు. తెలుగు పంతులమ్మ కూతురు తెలుగు మాట్లాడదట అని జనం నవ్వుకుంటారనే సిగ్గు ఉండేది, కాదనను. కానీ సిగ్గు కంటే బాధే ఎక్కువ. నా కూతురు చిన్నప్పటి గొంతు ఎక్కడో పారేసుకున్నాననిపించేది.

నాటికలో ఒక్క మాట చెప్పమని బతిమాలాను.

"వన్ లైన్," అంది వేలు చూపించి. "నాట్ టూ."

"ఒక్కటే," అన్నాను.

ఆ ఒక్క మాట కోసం ఇరవై నిమిషాల నాటిక రాశాను. కొండవీటి రాజు, రాచకొండ రాజు. ఇద్దరికీ చెరో వందిమాగధుడు, చెరో మంత్రి, చెరి నలుగురు సైనికులు. రెండు సైన్యాలూ వచ్చి సరిహద్దులో ఒక జొన్నచేను దగ్గర ఎదురుపడతాయి. చేనుగల ముసలమ్మ కంకులు పట్టుకుని మధ్యలోకి వచ్చి రాజులిద్దరికీ దండం పెట్టి, "అయ్యలారా, మా జొన్నకోత అయ్యేదాకా ఆగి కొట్టుకోండి" అంటుంది. రాజులిద్దరూ పగలబడి నవ్వి కత్తులు దూస్తారు. యుద్ధం జరుగుతుంది. కొండవీడు గెలుస్తుంది. చేను మిగలదు.

ముసలమ్మ వేషం మా అమ్మాయిది. చదివి నవ్వింది. "దట్స్ యాక్చువల్లీ ఫన్నీ," అంది. నేను రాసిన దేనికైనా నా కూతురు నవ్వడం అదే మొదలు. రోజూ స్నానం చేస్తూ ఆ మాట పైకి అనుకునేది. ఒకసారి కోపంగా, ఒకసారి ఏడుపు గొంతుతో, ఒకసారి మా ఆయన గొంతుతో. ఉతికిన బట్టలు చేతుల మీద వేసుకుని బాత్రూం తలుపు బయట నిలబడి వినేదాన్ని. ఆ నెల మా ఇంట్లో బట్టలు మడతపెట్టడానికి చాలాసేపు పట్టింది.

ఇక్కడి దాకా అంతా బాగానే ఉంది. తర్వాత వేషాలు పంచాను.

ఎవరూ నొచ్చుకోకూడదని చీటీలు రాసి లంచ్ బాక్సులో వేసి పిల్లల చేతే తీయించాను. అధ్యక్షుడి కొడుక్కి కొండవీటి రాజు వచ్చింది. వ్యవస్థాపక అధ్యక్షుడి మనవడికి రాచకొండ రాజు వచ్చింది. వ్యవస్థాపక అధ్యక్షుణ్ణి మేమంతా డాక్టర్ అంకుల్ అంటాం, ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్న పెద్దాయన. పిల్లలిద్దరూ ఎవరి కిరీటం పెద్దదని మాత్రం అడిగారు. రెండూ ఒకే అట్టపెట్టెలోంచి కత్తిరించినవే అని చెబితే సంతోషంగా వెళ్ళిపోయారు.

నేనింకా కారెక్కకముందే ఫోను మోగింది.

"అక్కా, మాది భువనగిరి," అన్నాడు అధ్యక్షుడు. "ఇంటి మీదికెక్కి చూస్తే రాచకొండ గుట్టలు కనవడ్తయి. మా పోరడు కొండవీడు రాజు వేషమేస్తే ఊర్ల నన్ను రానిస్తరా? వీడియో పోతది కదక్కా, ఫ్యామిలీ గ్రూప్‌ల!"

అతని ఫోను పెట్టేసేసరికి డాక్టర్ అంకుల్ ఫోను.

"ఏందమ్మాయ్ ఇది? మాది కొండవీటి సీమ. మా తాత ఆ కొండ మీద మేకలు కాశాడు. నా మనవడు రాచకొండ రాజేంది? ఇంతకీ నువ్వు ఎవరి సైడు?"

"నాది కర్నూలంకుల్."

"అదేలే," అన్నారు. ఆ అదేలేలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

చీటీలు తారుమారు చేశాను. పిల్లలు కిరీటాలు మార్చుకున్నారు. సమస్య తీరిందనుకున్నాను, ఆరేళ్ళు పరిశోధన చేసినదాన్నై ఉండి కూడా.

బిరుదుల దగ్గర అసలు యుద్ధం మొదలైంది. చెరో నాలుగు బిరుదులు రాశాను. రాచకొండ రాజు నాలుగో బిరుదు కొంచెం పొడుగ్గా ఉందని డాక్టర్ అంకుల్ కనిపెట్టి, కొండవీటి రాజుకు ఇంకోటి చేర్చమన్నారు. చేర్చాను. అటు అయిదు, ఇటు నాలుగు ఎట్ల అని అధ్యక్షుడు రెండు పంపాడు. అందులో ఒకటి "శత్రురాజ హృదయ శూల". మర్నాడు పొద్దున్నే డాక్టర్ అంకుల్ నుంచి "శూలభంజన" వచ్చింది. సాయంత్రం అటునుంచి "శూలభంజన భయంకర" వచ్చింది. రిపోర్టులు సర్దుతూ ల్యాబులో ఒక్కదాన్నే నవ్వాను. పొరుగు రాజు బిరుదును విరగ్గొట్టడానికే ఇంకో బిరుదు పెట్టుకోవడం అచ్చంగా ఆ కాలపు పద్ధతి. వీళ్ళకు ఎవరూ నేర్పలేదు, రక్తంలో ఉంది. మా ల్యాబులో మాత్రం దానికి పరీక్ష లేదు.

పది రోజులకు లెక్క చెరి పందొమ్మిదికి వచ్చి ఆగింది. అది కూడా వాళ్ళంతట వాళ్ళు ఆగలేదు. వందిమాగధుల వేషం వేసిన పిల్లల తల్లులు ఇంక చాలు అని గట్టిగా కసిరితే ఆగింది.

ఆ తర్వాత ఎవరు ఓడిపోవాలన్న ప్రశ్న వచ్చింది. దాని కోసం డాక్టర్ అంకుల్ ఇంటి వెనక పెరట్లో కమిటీ మీటింగు. బార్బెక్యూ పొయ్యి మీద ఒక పక్క చికెన్, ఒక పక్క పనీరు, రెండింటికీ వేరువేరు పటకార్లు. ఆ సరిహద్దు మాత్రం ఎవరూ దాటలేదు.

"చరిత్రలో ఆ యుద్ధం కొండవీడు గెలిచిందా లేదా?" అన్నారు డాక్టర్ అంకుల్.

"అది మీరు రాసుకున్న చరిత్ర అంకుల్," అన్నాడు అధ్యక్షుడు. "మా దిక్కు వేరే ఉంటది. బోత్ వర్షన్స్ రెస్పెక్ట్ చెయ్యాలె."

గంటన్నర తర్వాత తీర్మానం అయింది. ఎవరూ ఓడిపోకూడదు. యుద్ధం అయ్యాక కొండవీటి రాజు హాల్లో ఎడమ వైపు తిరిగి గెలిచానంటాడు. రాచకొండ రాజు కుడి వైపు తిరిగి గెలిచానంటాడు. జనం కూడా అలాగే కూర్చోవాలి.

"ఆ రోజుల్లోనూ ఇలాగే చేసేవాళ్ళు," అన్నాను. "ఒకే యుద్ధానికి రెండు వైపులా విజయశాసనాలు వేయించుకున్న రాజులున్నారు."

ఎత్తిపొడిచానని నేననుకున్నాను. మెచ్చుకున్నానని వాళ్ళనుకున్నారు. డాక్టర్ అంకుల్ నా ప్లేటులో ఇంకో పనీరు ముక్క వేశారు.

చెరి పందొమ్మిది బిరుదులు చదవాలంటే సమయం కావాలి కాబట్టి ఏదో ఒకటి కొయ్యాలన్నారు. "ఆ ముసలామె సీన్ జర నెగటివ్ ఉందక్కా," అన్నాడు అధ్యక్షుడు. "అవునమ్మాయ్, పండగ పూట రైతులూ కష్టాలూ ఎందుకు? మళ్ళీ పాలిటిక్స్ అంటారు," అన్నారు డాక్టర్ అంకుల్. నెల రోజుల్లో ఇద్దరికీ మొదటిసారి మాట కలిసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ ఒక్క మాట తీసేస్తే నాటికా లేదు, వచ్చే ఆదివారం నుంచి బడీ లేదు," అన్నాను లేచి నిలబడి. చేతిలో పటకారు కూడా ఉందని తర్వాత మా ఆయన చెప్పాడు. చికెన్‌ది.

"అయ్యో, ఉంచుదాం, ఉంచుదాం," అన్నారు అందరూ. "లాస్ట్‌లో పెడదాం, టైముంటే."

ఆ "టైముంటే" నా చెవిన పడింది. కానీ గెలిచానన్న ఊపులో దాన్ని పట్టించుకోలేదు. ఇంటికొస్తూ కార్లో మా ఆయన అన్నాడు, "నువ్వు బడి మూసేస్తే వాళ్ళేం ఏడవరు. రెండు బళ్ళు పెడతారు."

ఉగాది వచ్చింది. ఒంటిగంటకు మొదలవ్వాల్సింది ఒకటీ యాభైకి మొదలైంది. హాల్లో నిప్పు వెలిగించకూడదు కాబట్టి స్విచ్చు వేస్తే వెలిగే దీపం తెచ్చారు. అధ్యక్షులందరూ జ్యోతి ప్రజ్వలన చేయాలి గనక ఒకరు వేయడం, ఫొటో, ఆర్పడం, ఇంకొకరు వేయడం. ఆ దీపం ఏడుసార్లు వెలిగింది. తర్వాత శాలువాలు. ఇచ్చినవాళ్ళకూ ఒక శాలువా ఇచ్చారు. మా నాటిక తెర తీసేసరికి మూడూ ఇరవై అయింది.

మా అమ్మాయి రెండింటి నుంచే సిద్ధంగా ఉంది. నా పాత నేతచీర మోకాళ్ళ పైకి కట్టి, జుట్టుకు పౌడరు పూసుకుని, మా వీధి చివర మురుగుకాలువ గట్టున తనే కోసుకొచ్చిన ఎండుగడ్డిని జొన్నకంకుల్లా కట్టి పట్టుకుని తెర పక్కన నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. మాట అనుకుంటోందని నాకు తెలుసు. 

రాచకొండ వందిమాగధుడు ఫోన్లో చూసి బిరుదులు చదివాడు. ఒక్కో బిరుదుకూ కుడి వైపు చప్పట్లు, ఈలలు. తర్వాత కొండవీటి వందిమాగధుడు. ఎడమ వైపు చప్పట్లు, ఈలలు, ఇంకొంచెం ఎక్కువ. పందొమ్మిదీ అయిపోయాయనుకుంటుండగా ముందు వరసలోంచి డాక్టర్ అంకుల్ లేచి నిలబడ్డారు. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెడుతూ ఉన్నారట.

"పద్దెనిమిదే చదివాడు! శూలభంజన మింగేశాడు!"

"స్పీడ్‌ల చదివిండంకుల్, ఉంది," అన్నాడు అధ్యక్షుడు.

"లేదు. మొదట్నుంచి చదవమనండి."

మొదటి నుంచి చదివారు. వాళ్ళు మళ్ళీ చదివితే మనమూ మళ్ళీ చదవాలి కదా అని కుడి వైపు గోల. వాళ్ళూ చదివారు. అప్పుడు వచ్చింది హాలు చూసుకునే ఆవిడ, చేతిలో తాళాల గుత్తితో. డెబ్బై ఏళ్ళుంటాయేమో, తెల్లటి పొట్టి జుట్టు, తోటపని బూట్లు. ఆమె వెనక గుమ్మంలో డాన్సు క్లబ్బు పెద్దవాళ్ళు బూట్ల సంచులు పట్టుకుని ఓపిగ్గా వరసలో నిలబడ్డారు.

"ఫోర్ ఓ'క్లాక్, లవ్," అంది నాతో.

"టెన్ మినిట్స్," అన్నాడు అధ్యక్షుడు. "ఓన్లీ టెన్," అన్నారు డాక్టర్ అంకుల్. మాట కలవడం ఇది రెండోసారి.

ఆవిడ నవ్వింది. గోడ దగ్గరికి వెళ్ళి మైకు స్విచ్చు ఆపేసింది. చెరి పందొమ్మిది బిరుదులున్న ఇద్దరు మహారాజులు నోరు తెరిచి ఉండగానే రెండు రాజ్యాలూ కూలిపోయాయి. యుద్ధమే మొదలవలేదు, ఎవరు గెలిచారో ఏ వైపు వాళ్ళకూ చెప్పే పని పడలేదు. జనం లేచి పులిహోర వైపు నడిచారు.

నేను తెర పక్కకు పరుగెత్తాను. మా అమ్మాయి అక్కడే నిలబడి ఉంది, గడ్డికట్ట గుండెలకు హత్తుకుని. చెమటకు నుదుటి మీద పౌడరు చారలు కట్టింది.

"పర్లేదు నాన్నా, నెక్స్ట్ టైమ్ డెఫినిట్‌గా పెడదాం," అన్నాను.

అన్నాక విన్నాను నా మాట. అచ్చం కమిటీ మాట. నా నోట్లోంచే వచ్చింది.

మా అమ్మాయి నా వైపు చూడలేదు. నన్ను దాటుకుని వేదిక మధ్యకు వెళ్ళింది. కింద అధ్యక్షుడూ డాక్టర్ అంకులూ ఎదురెదురుగా నిలబడి శూలభంజన రెండోసారైనా చదివారా లేదా అని వాదించుకుంటున్నారు. తను వాళ్ళను చూసి, మైకు లేకుండానే, హాలంతా వినపడేలా అంది:

"అంకుల్! మీరు కొట్టుకోవడం అయిపోయాక చెప్పండి. నా డైలాగ్ ఇంకా ఉంది."

ఇది నేను రాసింది కాదు. ఎవరూ రాసింది కాదు. ఆరేళ్ళ తర్వాత నా కూతురి నోట తనంతట తానుగా వచ్చిన తెలుగు. ప్రేమతో రాలేదు, కడుపుమంటతో వచ్చింది. వస్తే చాలనుకున్నాను. తెర గుడ్డ పట్టుకున్నాను.

పెద్దవాళ్ళిద్దరూ ఆగారు. "చెప్పు బిడ్డా," అన్నాడు అధ్యక్షుడు నెమ్మదిగా. "చెప్పమ్మా," అన్నారు డాక్టర్ అంకుల్. తాళాల ఆవిడ గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుంది.

రాజులిద్దరూ వేదిక అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు, కిరీటాలు పక్కన పెట్టి, ఒకే చిప్స్ పొట్లంలోంచి తింటూ. మా అమ్మాయి వాళ్ళ ముందుకెళ్ళి, నడుం వంచి దండం పెట్టి, వణికే ముసలిగొంతుతో అంది:

"అయ్యలారా, మా జొన్నకోత అయ్యేదాకా ఆగి కొట్టుకోండి."

రాజులు నవ్వి కత్తులు దూయాలి. నేను రాసింది అదే. నాలుగు వారాలు రిహార్సల్ చేయించింది అదే. పిల్లలిద్దరూ మొహాలు చూసుకున్నారు. మధ్యాహ్నం నుంచి నిలబడి ఉన్నారు పాపం, అలసిపోయారు.

"సరే ఆంటీ," అన్నాడు రాచకొండ రాజు.

"నో వర్రీస్," అన్నాడు కొండవీటి రాజు.

ఇద్దరూ అట్టకత్తులు కుర్చీల బండి మీద పడేసి పులిహోర దగ్గరికి పరుగెత్తారు. గుమ్మంలో ఉన్న డాన్సు క్లబ్బు పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాటిక అంతా అంతే అనుకున్నట్టున్నారు.

ఆరేళ్ళు శాసనాలు తిరగేశాను. దండయాత్రలున్నాయి, దానాలున్నాయి, బిరుదులైతే చెప్పనే అక్కర్లేదు. సరే అన్న రాజు నాకు ఒక్కడూ తగల్లేదు.

మూడు రోజుల తర్వాత సంఘం వాట్సాప్ గ్రూపులో కార్యక్రమ నివేదిక వచ్చింది. కింద సంతకాలు అధ్యక్షులందరివీ, హోదాలతో సహా. నాటిక గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. వంటింట్లో మా అమ్మాయి పక్కన నిలబడి ఉంటే పైకి చదివాను:

"సమయాభావం వల్ల యుద్ధం జరపలేకపోయాము, ఇరుపక్షాల వారూ మన్నించగలరు."

 సమయాభావం అంటే ఏమిటని అడుగుతుందనుకున్నాను.

"మంచిదే కదమ్మా?" అంది.